ఆఫీసు నోట్ తిరిగి రాకుండా ఉండాలంటే ఎలా రాయాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: కలెక్టరేట్‌లో జూనియర్ అసిస్టెంట్‌గా కొత్తగా చేరారు. ఒక నోట్ (ఫైలులోని సంగతి వివరించి, నిర్ణయం కోసం పై అధికారికి రాసేది) పెట్టమంటే సగం రోజు పోతోంది. పంపిన నోట్ మీద సూపరింటెండెంట్ గారు "చర్చించండి" అని రాసి తిప్పి పంపుతున్నారు. చదువుకునే రోజుల్లో వ్యాసరచనలో మంచి మార్కులు తెచ్చుకున్న మీకు ఇక్కడ మాత్రం ఎందుకు కుదరడం లేదో, ముందుగా ఎలా ఆలోచించుకోవాలో, రాశాక ఎలా దిద్దుకోవాలో చెప్పమన్నారు.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంట్‌గా చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేశాను. రాష్ట్ర విభజనకు ముందు హైదరాబాద్‌లోని ప్రధాన కార్యాలయంలో ఉన్నప్పుడు అటు శ్రీకాకుళం నుంచి, ఇటు ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఫైళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. కొత్తవారి నోట్లు చాలా చదివాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను. మీ భాషకు వచ్చిన లోటేమీ లేదు. ఫైలు పూర్తిగా మనసుకు ఎక్కకముందే కలం పట్టుకుంటున్నారు. అలా రాసిన నోట్ ఎంత చక్కని తెలుగులో ఉన్నా, చదివిన అధికారికి "ఇప్పుడు నేనేం చేయాలి?" అన్న ప్రశ్న మిగులుతుంది. అందుకే "చర్చించండి" అని రాస్తారు.

కూర్చోగానే "పై సూచికను పరిశీలించగా" అని మొదలుపెట్టే అలవాటు ఉంటే ముందు దాన్ని వదిలేయండి. ఒక తెల్లకాగితం తీసుకుని పైన ఒకే ఒక్క వాక్యం రాయండి: ఈ ఫైలు చదివిన అధికారి ఏ నిర్ణయం తీసుకోవాలి? "చెరువు ఆక్రమణ గురించి" అని రాస్తే అది విషయం మాత్రమే, నిర్ణయం కాదు. "ఫలానా సర్వే నంబరులో ఆక్రమణదారుకు నోటీసు ఇవ్వమని తహసీల్దారును ఆదేశించాలా, వద్దా" అన్నది నిర్ణయం. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే ఫైలు ఇంకా అర్థం కాలేదని లెక్క. మళ్లీ చదవండి, లేదా ఆ సీటులో మీకన్నా ముందు పనిచేసినవారిని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు. వారు రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కోసం మీరు ఫైలంతా తవ్వుకోవలసి రావచ్చు.

ఆ వాక్యం కింద కాగితాన్ని నిలువుగా మూడు గళ్లు చేయండి. తేదీ, ఏం జరిగింది, కరెంటు ఫైలులో (వచ్చిన, పంపిన కాగితాలు ఉండే భాగంలో) ఏ పేజీ. అర్జీ వచ్చిన తేదీ నుంచి నిన్నటి తపాలు వరకు వరుసగా నింపండి. ఇది యాంత్రికంగా కనిపిస్తుంది, కానీ నా ఉద్దేశంలో నోట్ రాయడమంటే ముప్పాతిక వంతు ఇదే.

ఎందుకంటున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. ప్రజావాణిలో, అంటే కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమంలో, ఒక గ్రామస్థుడు అర్జీ ఇచ్చారనుకోండి. ఊరి చెరువు శిఖం భూమిని (చెరువు నీళ్లు నిలిచే భూమిని) పక్క పొలం ఆసామి కలుపుకొని సాగు చేస్తున్నారని ఫిర్యాదు. కలెక్టర్ గారు తహసీల్దారును నివేదిక అడిగారు. తహసీల్దారు సర్వేయర్‌తో కొలిపించి, ఆక్రమణ నిజమేనని తేల్చి, తొలగింపుకు తగిన ఉత్తర్వులు కోరారు. ఫైలు మీ సీటుకు వచ్చింది. తొందరలో ఉన్న గుమాస్తా "తహసీల్దారు నివేదిక మేరకు అనుమతించవచ్చు" అని నాలుగు వాక్యాల్లో ముగించేస్తారు. మూడు గళ్ల కాగితం వేసుకున్నవారికి మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. అర్జీకి తేదీ ఉంది, పేజీ ఉంది. సర్వేకు ఉన్నాయి. నివేదికకు ఉన్నాయి. ఆక్రమణదారుకు ఇచ్చిన నోటీసు ఎదురుగా మాత్రం తేదీ లేదు, పేజీ నంబరూ లేదు. భూ ఆక్రమణల చట్టం, 1905 ప్రకారం 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించే ముందు 7వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, అతను చెప్పుకొనేది వినాలి. ఆ నోటీసు లేకుండా తొలగిస్తే, ఆక్రమణ నూటికి నూరుపాళ్లు నిజమైనా, ఉత్తర్వు హైకోర్టులో నిలబడటం కష్టం. ఇంకో ఖాళీ కూడా బయటపడుతుంది. చెరువు పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడిదాకా ఉందో చెప్పవలసినది నీటిపారుదల శాఖ. వారి లేఖ ఫైలులో ఎక్కడా లేదు.

అంటే మీరు రాయవలసిన నోట్ ఇప్పుడు మారిపోయింది. తొలగింపుకు అనుమతి కోరే నోట్ కాస్తా, ముందు నోటీసు ఇప్పించి, హద్దు నిర్ధారించుకోవాలని సూచించే నోట్ అయింది. కలం పట్టకముందే ఇది తెలిసింది కాబట్టి ఒక్క పేజీ కూడా వృథా కాలేదు. రాశాక తెలిస్తే మొత్తం చింపేయాలి. అసలు ఎవరికీ తెలియకపోతే ఆ చెరువుకే నష్టం. కేసు పోగొట్టుకున్న భూమిని మళ్లీ దక్కించుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఫోనులో, వీడియో కాన్ఫరెన్సులో వచ్చిన ఆదేశాలను కూడా ఈ కాగితంలో తేదీతో రాసుకోండి. నోట్‌లోకి అవి తప్పకుండా ఎక్కాలి. నోటిమాటగా చెప్పారని చేసిన పనికి, ఏడాది తరువాత ఆ అధికారి బదిలీ అయ్యాక, సంజాయిషీ చెప్పుకోవలసినది మీరే.

ఇక చిత్తుప్రతి. నా పద్ధతి కొందరికి తలకిందులుగా అనిపిస్తుంది. చివరి పేరా ముందు రాస్తాను. పై అధికారి ముందు చదివేది అదే. రోజుకు కట్టలకొద్దీ ఫైళ్లు చూసేవారు చివరి పేరా చదివి, అందులో సందేహం వస్తేనే పైకి వెళతారు. కాబట్టి అక్కడ "తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని మాత్రమే రాసి వదిలేయడం అన్యాయం. ఏ ఉత్తర్వు తగినదో సూచించవలసిన పని మీది. ఆమోదిస్తే ఏమవుతుంది, ఎవరికి లేఖ వెళుతుంది, ఏ తేదీలోగా జవాబు రావాలి అన్నవి అక్కడే ఉండాలి. రెండు మార్గాలు ఉంటే రెండూ చెప్పి, మీరు దేనివైపు మొగ్గుతున్నారో, ఎందుకో కూడా రాయండి. కొత్తవారు సొంత అభిప్రాయం రాయడానికి భయపడతారు. నోట్ ఫైలు ఉన్నదే అందుకు. పై అధికారి మీతో విభేదించవచ్చు, అది వారి అధికారం. అభిప్రాయమే లేని నోట్ పెడితే, మీరు చేయవలసిన ఆలోచన కూడా వారే చేయాలి.

చివరి పేరా కుదిరాక మిగతాది సులువు. జరిగింది వరుసగా చెప్పండి, ప్రతి వాస్తవానికి పేజీ నంబరు ఇవ్వండి. తరువాత వర్తించే నిబంధన ఏమిటో చెప్పండి. ఆ రెండూ ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ కలవడం లేదో రాస్తే మీ చివరి పేరా దానంతట అదే వస్తుంది. పేరాలకు నంబర్లు వేయండి. "3వ పేరాలో చెప్పినట్లు" అని పై అధికారి రాయగలగాలి. రాస్తున్నప్పుడు ఏదైనా తేదీ, విస్తీర్ణం గుర్తు లేకపోతే అక్కడ ఆగిపోకుండా ఖాళీ గీత గీసి ముందుకు సాగండి. వెతకడానికి లేస్తే ఆలోచన తెగిపోతుంది. అలాగని అంకెను ఊహించి మాత్రం వేయవద్దు. ఊహించిన అంకె దిద్దుబాటులో దొరకదు, ఎందుకంటే అది చూడటానికి నిజంలాగే ఉంటుంది. ఖాళీ గీత అయితే కంటికి కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

మీ కార్యాలయంలో ఈ-ఆఫీస్ (కంప్యూటర్‌లోనే ఫైళ్లు నడిపే పద్ధతి) ఉంటే ఒక సదుపాయం ఉంది. పసుపు నోట్ చిత్తుప్రతి లాంటిది. దాన్ని మార్చవచ్చు, తీసేయవచ్చు. ఆకుపచ్చ నోట్‌గా పంపాక అది శాశ్వతం. నేను చూసినంతలో చాలామంది నేరుగా ఆకుపచ్చ నోట్‌లోనే టైపు చేసి పంపేస్తారు. మీరు పసుపులో రాసి, భోజనం చేసి వచ్చి, మళ్లీ చదివి అప్పుడు పక్కా చేయండి. కాగితం ఫైలు అయినా ఇదే వర్తిస్తుంది. రాసిన వెంటనే చదివితే మీరు రాయాలనుకున్నదే కనిపిస్తుంది, రాసినది కనిపించదు.

దిద్దుబాటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన కార్యాలయాల్లో దీన్ని అక్షరదోషాలు చూడటంగా భావిస్తారు. అది చివరి పని. మొదటి పని, ఎవరు ఏం చేశారో ప్రతి వాక్యంలో తెలుస్తోందా అని చూడటం. మన ఆఫీసు తెలుగులో ఒక వాక్యం ఇలా సాగుతుంది:

"దరఖాస్తుదారు వినతి సమర్పించగా, నివేదిక కోరగా, సర్వేయర్ కొలతలు జరపగా, అభ్యంతరం తెలుపగా, మరల విచారణ జరిపి నివేదించగా, తగు చర్యలు తీసుకొనవలసినదిగా కోరడమైనది."

నివేదిక ఎవరు కోరారు? అభ్యంతరం దరఖాస్తుదారుదా, పక్క పొలం వారిదా? రెండోసారి విచారించినది ఎవరు? రాసినవారికి తెలుసు. చదివేవారికి తెలియదు. నేను చెప్పే చిట్కా ఇది: "గా" వచ్చిన ప్రతిచోటా ఆగి, తరువాతి పని చేసినవారు మారారేమో చూడండి. మారితే అక్కడ వాక్యాన్ని ముగించి, కొత్త వాక్యాన్ని ఆ మనిషి హోదాతో మొదలుపెట్టండి. "దరఖాస్తుదారు మార్చి 4న వినతి ఇచ్చారు. ఆర్డీఓ మార్చి 11న తహసీల్దారును నివేదిక కోరారు. సర్వేయర్ కొలిచినప్పుడు తూర్పు హద్దు రైతు అభ్యంతరం చెప్పారు." వాక్యాలు పొట్టివవుతాయి, ఎవరి బాధ్యత ఏమిటో స్పష్టమవుతుంది. "పరిశీలించబడినది", "నిర్ణయించబడినది" అన్న క్రియలకూ ఇదే వైద్యం. ఎవరు పరిశీలించారు, ఎవరు నిర్ణయించారు అని అడిగి ఆ హోదాను వాక్యంలో పెట్టండి.

బయటి మనిషికి వెళ్లే కాగితమైతే ఇంకా జాగ్రత్త అవసరం. తండ్రి చనిపోయాక భూమిని తన పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకున్న రైతుకు సాధారణంగా వెళ్లే ఎండార్స్‌మెంట్ (దరఖాస్తుకు ఇచ్చే లిఖితపూర్వక జవాబు) ఇలా ఉంటుంది: "తమరు సమర్పించిన దరఖాస్తునందు తగు ధ్రువపత్రములు జతపరచనందున, నిబంధనల మేరకు పరిశీలించుటకు వీలుపడదని తెలియజేయడమైనది." ఏ పత్రం లేదు? ఎక్కడ తెచ్చుకోవాలి? తెస్తే మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టాలా? ఆ రైతు కూలి పని మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని ఆఫీసుకు వచ్చి ఈ మూడు ప్రశ్నలూ అడగాలి. అడిగితే మీరే జవాబు చెప్పాలి. అదే జవాబును కాగితం మీద రాసి ఉంటే ఇద్దరికీ శ్రమ తప్పేది:

"మీ తండ్రి గారి పేరున ఉన్న భూమిని మీ పేరుకు మార్చమని మీరు మార్చి 4న ఇచ్చిన దరఖాస్తు అందింది. మరణ ధ్రువీకరణ పత్రం జతచేశారు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం జతచేయలేదు. దానికి మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేసుకోవచ్చు. పత్రం అందగానే దాని నకలును ఏప్రిల్ 15లోగా ఈ కార్యాలయంలో ఇవ్వండి. కొత్త దరఖాస్తు అవసరం లేదు."

దీనిలో మర్యాద తగ్గలేదు, నిబంధనా తప్పలేదు. "పదిహేను రోజుల్లోగా" అనకుండా తేదీ వేయడం కూడా గమనించండి. పదిహేను రోజులు ఎప్పటి నుంచి? కాగితం మీద సంతకం అయిన రోజు నుంచా, ఆయనకు చేరిన రోజు నుంచా? ఆ తగాదా రాకుండా తేదీ వేయడం మేలు. పంపేముందు ఒకసారి ఆ కాగితాన్ని మెల్లగా పైకి చదవండి, ఎదురుగా ఆ రైతు కూర్చున్నట్లు. నోరు తిరగని చోట కన్ను కూడా ఆగిపోతుంది.

మీ నోట్ పై అధికారి దగ్గరే ఆగిపోతుందని అనుకోవద్దు. సమాచార హక్కు చట్టం, 2005లో 2(ఎఫ్) సెక్షన్ సమాచారానికి ఇచ్చిన నిర్వచనంలో అభిప్రాయాలు, సలహాలు కూడా ఉన్నాయి. ఫైలు నోటింగులు ఇవ్వవలసినవేనని కేంద్ర సమాచార కమిషన్ 2006లోనే తేల్చింది. కాబట్టి మీరు రాసినది రేపు ఆ అర్జీదారు చేతిలో ఉండవచ్చు. అతని గురించి చులకనగా ఒక్క మాట కూడా రాయవద్దు, వాస్తవం మాత్రమే రాయండి. ఎవరికైనా సమాచారం నిరాకరిస్తూ లేఖ రాయవలసి వస్తే ఆ చట్టమే మీకు ముసాయిదా ఇచ్చింది. 7(8) ప్రకారం నిరాకరణకు కారణం, అప్పీలు చేసుకునే గడువు, అప్పీలు అధికారి వివరాలు మూడూ ఉండాలి. మొదటి అప్పీలుకు గడువు 30 రోజులు. చాలా లేఖల్లో మొదటిది అరకొరగా ఉంటుంది, మిగతా రెండూ ఉండనే ఉండవు. మామూలు ఉత్తర్వులకు కూడా 4(1)(డి) వర్తిస్తుంది. నిర్ణయం వల్ల ప్రభావితమైనవారికి కారణాలు చెప్పాలి.

కారణం దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1977 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ప్రతి గుమాస్తాకూ తెలియాలి. చట్టబద్ధమైన అధికారంతో ఇచ్చిన ఉత్తర్వును అందులో రాసిన కారణాలను బట్టే తూస్తారు. తరువాత కోర్టులో అఫిడవిట్ వేసి కొత్త కారణాలు చేర్చి దాన్ని నిలబెట్టలేరు. అంటే నోట్ రాసేటప్పుడు మీ మనసులో ఉన్న బలమైన కారణం ముసాయిదాలోకి రాకపోతే, అది లేనట్లే. అందుకే ఉత్తర్వు ముసాయిదా దిద్దేటప్పుడు నేను నోట్ ఫైలు పక్కన పెట్టుకుని, నోట్‌లో చెప్పిన ప్రతి కారణమూ ముసాయిదాలోకి వచ్చిందా అని ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకుంటూ చూసేవాడిని.

అంకెల కోసం వేరుగా ఒకసారి చదవండి. ఆ చదువులో భాష చూడవద్దు, అంకెలను మాత్రమే మూలపత్రంతో పోల్చండి. ప్రధాన కార్యాలయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది విస్తీర్ణం. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు, ఆంధ్రలో ఎకరాకు 100 సెంట్లు. తెలంగాణ ఫైలులో 2-20 అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్ర ఫైలులో 2-20 అంటే రెండు ఎకరాల ఇరవై సెంట్లు. రెండింటికీ తేడా 30 సెంట్లు, అంటే 1,452 చదరపు గజాలు. కాబట్టి అంకెల పక్కన "ఎకరాల గుంటలు" అనో "ఎకరాల సెంట్లు" అనో తప్పకుండా రాయండి. పహాణీ, అడంగల్ (గ్రామంలో భూమి, సాగు వివరాలు రాసే రికార్డులు) నుంచి తీసుకున్న ఫసలీ సంవత్సరం (జూలైతో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) ఉంటే దాని పక్కన మామూలు సంవత్సరం కూడా ఇవ్వండి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1434 అంటే 2024 జూలై 1 నుంచి 2025 జూన్ 30 వరకు. కొత్తగా వచ్చిన అధికారికి, వేరే శాఖవారికి, న్యాయవాదికి అది పెద్ద సాయం.

పాత ఉత్తర్వు తెరిచి పేర్లు మార్చి కొత్తది తయారుచేయడం అందరూ చేసేదే, వద్దనను. కానీ అలా చేసినప్పుడు పాత గ్రామం పేరు, పాత సర్వే నంబరు ఎక్కడో ఒకచోట, ముఖ్యంగా చివర "ప్రతులు" దగ్గర, మిగిలిపోతాయి. పాత ఫైలులోని పేరును కంప్యూటర్‌లో వెతికి, ఒక్కచోట కూడా లేదని తేల్చుకున్నాకే పంపండి. ఇందుకోసమైనా యూనికోడ్‌లో టైపు చేయడం అలవాటు చేసుకోండి. పాత అను ఫాంట్లలో ఉన్న పాఠాన్ని వేరేచోట అతికిస్తే అక్షరాలు చెదిరిపోతాయి, వెతికినా దొరకదు.

సమయం గురించి అడిగారు కదా. గంట దొరికితే అందులో సగానికి పైగా ఫైలు చదవడానికి, మూడు గళ్ల కాగితానికి ఇవ్వండి. రాయడానికి మిగిలినదానిలో కొంత, దిద్దడానికి కొంత. మొదట్లో ఇది ఆలస్యంలా అనిపిస్తుంది. ఫైలు తిరిగిరావడం తగ్గేకొద్దీ ఆ సమయం మీకే మిగులుతుంది. శాసనసభ ప్రశ్నకు జవాబు, కోర్టు గడువు వంటి అత్యవసరం వచ్చినప్పుడు మధ్యాహ్నం దాకా ఆగే వీలుండదు. అప్పుడు పక్క సీటువారికి చివరి పేరా మాత్రం చదివి వినిపించి, "ఇప్పుడు సారు ఏం చేయాలో మీకు తెలిసిందా?" అని అడగండి. తెలియదంటే ఆ పేరాను అక్కడే తిరగరాయండి.

మీ సూపరింటెండెంట్ గారి దిద్దుబాట్లను పారేయవద్దు. మీ చిత్తుప్రతి నకలు, వారు ఆమోదించిన సాఫు ప్రతి నకలు పక్కపక్కన పెట్టుకుని, ఏం తీసేశారు, ఏం చేర్చారు, ఏ పేరాను పైకి జరిపారు అన్నది చూడండి. కారణం అర్థం కాకపోతే తీరిక ఉన్న వేళ అడగండి. బాగా రాసే అధికారులు ప్రతి కార్యాలయంలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. వారు ముగించిన ఫైళ్లు రికార్డు గదిలో ఉంటాయి. అనుమతి తీసుకుని మీ సీటుకు సంబంధించిన రెండు మూడు ఫైళ్లు మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఏ శిక్షణ తరగతీ నాకు అంత నేర్పలేదు.

మీరు ఈ మధ్య పెట్టిన నోట్ ఏదైనా ఉంటే, పేర్లు, సర్వే నంబర్లు, ఊరి పేరు తీసేసి, దాని చివరి పేరాను మాత్రం ఇక్కడ రాయండి. దానిని ఎలా మార్చవచ్చో చూసి చెబుతాను.